స్టాఫ్ రూమ్ లేని బడి

మా బడిలో విద్యార్థులు ఇద్దరు. సిబ్బంది ఒక్కరే. హెడ్‌మిస్ట్రెస్, లెక్కల టీచరు, తెలుగు మేడమ్, డ్రిల్లు మాస్టారు, ఆయా, క్యాంటీన్ కాంట్రాక్టరు, బస్సు డ్రైవరు, రాత్రి వాచ్‌మన్ అన్నీ ఆవిడే. పేరెంట్ టీచర్ మీటింగు పెట్టుకుంటే బల్లకు అటూ ఇటూ కూడా ఆవిడే కూర్చోవాలి. టీచరు హోదాలో "మీ అబ్బాయి చేతిరాత అస్సలు బాగాలేదండీ, ఇంట్లో కాస్త చూసుకోండి" అని చెప్పి, తల్లి హోదాలో "మరి బడిలో మీరేం చేస్తున్నట్టండీ?" అని తిరగబడాలి. ఆ ఆవిడ నేనే.

జీతం సంగతి అడక్కండి. సెలవుల సంగతి అసలే అడక్కండి. క్యాజువల్ లీవు పెట్టుకుంటే మంజూరు చేయాల్సింది హెడ్‌మిస్ట్రెస్. ఆవిడ ఎంత కఠినురాలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి దేశంలో ప్రతి ఇంటినీ బడిగా మార్చేసింది. బళ్లు మళ్లీ తెరవగానే మిగతా తల్లులు ఊపిరి పీల్చుకుని పిల్లల్ని పంపించేశారు. మా పెద్దది అప్పుడు రెండో తరగతి. ఆన్‌లైన్ క్లాసులో అది నేర్చుకున్నదల్లా "మేడమ్, మీ మాట వినపడటం లేదు" అని మర్యాదగా చెప్పడం. మిగతాదంతా వంటింట్లో, మేడమీద, నానమ్మ మంచం దగ్గర నేర్చుకుంది. అలా నేర్చుకుంటుంటే చూడ్డానికి బాగుంది. బళ్లు తెరిచాక పంపబుద్ధి కాలేదు, దానికీ వెళ్లబుద్ధి కాలేదు. దాని తమ్ముడైతే బడి గుమ్మమే ఎక్కలేదు. మా వారు "నీ ఇష్టం" అన్నారు. మా ఇంట్లో పెద్ద నిర్ణయాలన్నీ నా ఇష్టం మీదే మొదలై నా నడుం మీద నడుస్తుంటాయి.

ఇంటిబడి పెట్టాక మాకు ప్రతి పెళ్లీ ఒక పబ్లిక్ పరీక్షే. బడికెళ్లే పిల్లల్ని పెళ్లిలో "ఏం చదువుతున్నావు నాన్నా?" అని అడిగి, జవాబు వినకుండానే భోజనాల వైపు వెళ్లిపోతారు. మా పిల్లలకు ఆ అదృష్టం లేదు. కనపడ్డవాళ్లల్లా ఆపి, పదమూడో ఎక్కం చెప్పమంటారు, ఏదో ఒక దేశం రాజధాని చెప్పమంటారు, "ఇంగ్లీషులో నాలుగు ముక్కలు మాట్లాడు చూద్దాం" అంటారు. పరీక్ష రాసేది పిల్లలైనా పాసో ఫెయిలో అయ్యేది నేను. ఒక పెళ్లిలో మా వారి పెదనాన్నగారు చిన్నవాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని పదమూడో ఎక్కం అడిగారు. వాడు కాసేపు ఆలోచించి, "పదో ఎక్కం, మూడో ఎక్కం కలిపేసుకుంటే వచ్చేస్తుంది కదా తాతయ్యా, మళ్లీ ఇంకోటి ఎందుకు?" అన్నాడు. ఆయన నా వైపు జాలిగా చూసి, "అయితే ఎక్కం రాదన్నమాట" అని తేల్చేశారు.

రెండో ప్రశ్న అందరికీ తెలిసిందే. "నలుగురితో కలవడం ఎలా వస్తుందమ్మా వీళ్లకి?" ఈ ప్రశ్న నన్ను లిఫ్టులో అడిగినాయన మా అపార్ట్‌మెంట్‌లో ఏళ్లుగా ఉంటున్నా పక్క ఫ్లాటులో ఎవరున్నారో తెలియని మనిషి. అడిగేసి, జవాబు వచ్చేలోపు ఫోన్లో తల దూర్చేశాడు.

పనిరోజుల్లో పిల్లలతో బయటికి వెళితే ఇంకో తంతు. సాలార్‌జంగ్ మ్యూజియంలో గంట కొట్టే బొమ్మ గడియారం ముందు మేం కూర్చుని ఉంటే, పక్కనున్నావిడ "ఇవాళ బడి లేదా బాబూ?" అంది. వాడు "ఉందండీ, ఇదే" అన్నాడు. ఆవిడ అర్థంకాక నా వైపు చూసింది. "మా హెడ్‌మిస్ట్రెస్" అని వాడు పరిచయం కూడా చేశాడు. అన్నట్టు ఆ మ్యూజియానికి శుక్రవారం సెలవు. వందల ఏళ్లనాటి కత్తులకూ, కదలకుండా నిలబడ్డ ముసుగు రెబెక్కా శిల్పానికీ వారానికో రోజు విశ్రాంతి కావాలని ప్రభుత్వం వారికి తోచింది. నా సంగతి ఇంకా ఎవరికీ తోచలేదు.

చట్టం ఒప్పుకుంటుందా అని అడిగేవాళ్లూ ఉన్నారు. 2009లో చేసిన విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల దాకా పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య అందించాలని అది చెబుతుంది. పిల్లల్ని బడిలో చేర్చడం తల్లిదండ్రుల విధి అని కూడా అందులో ఉంది. ఇంటిబడి అన్న ప్రస్తావన మాత్రం ఎక్కడా లేదు. ఆ లేకపోవడం నీడలోనే మాబోటివాళ్లు బతుకుతున్నారు. మా ఇంటి మటుకు ఉచితంగానూ నిర్బంధంగానూ నడుస్తున్నది నేనొక్కదాన్నే.

పరీక్షలకేమో 1989లో పెట్టిన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ఉంది, అందరూ ఎన్‌ఐఓఎస్ అంటారు. పద్నాలుగేళ్లు నిండితే పదో తరగతికి కట్టుకోవచ్చు. పరీక్షలు ఏడాదికి రెండుసార్లు, ఏప్రిల్-మే నెలల్లో ఒకసారి, అక్టోబరు-నవంబరులో ఒకసారి. ఐదు సబ్జెక్టులు పాసవ్వాలి. అన్నీ ఒక్కసారే రాయక్కర్లేదు, ఐదేళ్ల గడువు లోపల విడివిడిగా రాసుకోవచ్చు. తెలుగులోనూ రాయొచ్చు. మా పెద్దదానికి పన్నెండు నిండాయి కాబట్టి ఇప్పట్నుంచే సబ్జెక్టుల జాబితా ముందేసుకుని కూర్చుంటోంది. అందులో హోమ్ సైన్సు ఉంది. ఆహారం, పోషణ, బట్టల సంరక్షణ, ఇంటి నిర్వహణ, పిల్లల పెంపకం అన్నీ పాఠాలే. "ఇది తీసుకుంటానమ్మా, తేలిగ్గా ఉంది" అంది. ఆ సబ్జెక్టులో పెళ్లయిన దగ్గర్నుంచీ నేను ప్రాక్టికల్సు చేస్తూనే ఉన్నాను. ఇంతవరకూ ఎవరూ వచ్చి మార్కులేయలేదు.

ఇంటిబడి మొదలుపెట్టిన ప్రతి తల్లీ మొదట్లో చేసే పని పెద్దల పుస్తకాలు చదవడం. నేనూ చదివాను. ఇంటిబడికి గురువనదగ్గవాడు అమెరికాలో జాన్ హోల్ట్. అయిదో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పిన మాస్టారు. పిల్లలు బళ్లో ఎందుకు ఓడిపోతున్నారో చెబుతూ 1964లో ఒక పుస్తకం రాసి సంచలనం చేశాడు. 1977లో, బడి లేకుండా పిల్లల్ని పెంచే తల్లిదండ్రుల కోసం ఏకంగా పత్రికే పెట్టాడు. పిల్లల్ని వాళ్ల కుతూహలానికి వదిలేయండి అంటాడు. ఎంత బాగా రాశాడో! ఆయనకు పిల్లల్లేరు. ఆయనకంటే ముందు ఇంగ్లండులో షార్లట్ మేసన్ ఇంటి చదువు గురించి సంపుటాలకు సంపుటాలు రాసింది. చిన్నపిల్లలకు పాఠం ఇరవై నిమిషాలు దాటకూడదంది, రోజూ ఆరుబయట తిప్పమంది. బంగారంలాంటి మాటలు. ఆవిడకు పెళ్లే కాలేదు. మరియా మాంటిసోరి 1939లో మన మద్రాసు వచ్చి, యుద్ధకాలమంతా ఈ దేశంలోనే ఉండి, వందలమంది టీచర్లకు శిక్షణ ఇచ్చింది. ఆవిడకో కొడుకున్నాడు గాని చిన్నతనంలో వేరే కుటుంబం దగ్గర పెరిగాడు.

మనవాళ్లలో గిజుభాయి బధేకా ఉన్నాడు. గుజరాతీ వకీలు. కొడుకు పుట్టాక వీడికి చదువెలా చెప్పాలా అని మథనపడి, చివరికి వకాల్తా మానేసి, 1920లో భావనగర్‌లో పిల్లలకు బాలమందిరం పెట్టాడు. ఆయన రాసిన 'దివాస్వప్న' చదివి కళ్లనీళ్లు పెట్టుకోని టీచరు ఉండడు. పిల్లల్ని అంత ప్రేమగా చూసుకున్నందుకు జనం ఆయన్ను మీసాలున్న అమ్మ అని పిలిచారట. సంతోషమే. మీసాల్లేని అమ్మలం ఇంటింటికీ ఒకరం ఉన్నాం, మాకు బిరుదులివ్వాలని ఎవరికీ తట్టినట్టు లేదు.

వాళ్లను తక్కువ చేయడం లేదు. వాళ్లు చెప్పినవన్నీ నిజాలే. పిల్లలకు ప్రతిదీ పాఠమే. కానీ ఆ పాఠం జరుగుతున్నప్పుడు పొయ్యి మీద ఏముందో వాళ్లు రాయలేదు. మొన్నామధ్య పొద్దున పెసరట్లు పోస్తున్నాను. పెనం కాగిందో లేదో చూద్దామని నీళ్లు చిలకరించాను. పెనం ఓ మోస్తరుగా కాగితే చుక్క పడగానే చుయ్‌మని ఆవిరైపోతుంది. ఆ రోజు మంట ఎక్కువై బాగా కాగిపోయింది. చుక్కలు ఆవిరి కాలేదు. గుండ్రంగా ముత్యాలై పెనమంతా పరుగులు పెట్టాయి.

"అమ్మా, ఎక్కువ వేడైతే తొందరగా ఆరిపోవాలి కదా, ఇవెందుకు ఆరట్లేదు?" అన్నాడు చిన్నవాడు, స్టూలెక్కి.

మంచి ప్రశ్న. ఇలాంటి ప్రశ్న కోసమే కదా ఈ బడి. మంట తగ్గించి, అట్టు పోసి, అక్కను పిలిచాను. అది పుస్తకాలు తిరగేసి జవాబు పట్టుకొచ్చింది. చుక్క అడుగుభాగం పెనాన్ని తాకీ తాకగానే ఆవిరవుతుందట, ఆ ఆవిరి పొర చుక్కను పైకెత్తి పెనానికి అంటకుండా పట్టుకుంటుందట, అందుకని చుక్కకు వేడి నెమ్మదిగా అందుతుందట. దీని గురించి 1756లో రాసినాయన లైడెన్‌ఫ్రాస్ట్ అనే జర్మన్ వైద్యుడు. ఆయన ప్రయోగం చేసింది కూడా నిప్పుల మీద ఎర్రగా కాల్చిన ఇనప గరిటెలోనే. "గరిటెలోనా!" అని వాడు గంతేశాడు. నాకూ ఒళ్లు పులకరించింది. రెండు వందల డెబ్భై ఏళ్ల కిందటి జర్మనీ వంటింటి నుంచి మా వంటింటి దాకా...

"ముందు ఆ అట్టు తిప్పవే అమ్మాయ్" అన్నారు మా అత్తయ్యగారు వెనకనుంచి. "ఆయనెవరో ఎక్కడికీ పోడు, తరవాతైనా వస్తాడు."

అట్టు అప్పటికే బొగ్గయిపోయింది. మా ఇంట్లో సైన్సు ఏ రోజు ఎంత బాగా జరిగిందో సింకులో మాడిన పెనం చూసి చెప్పేయొచ్చు.

ఇన్ని కొలువులు చేసే మనిషికి ఓపిక ఎక్కణ్నుంచి రావాలి? దీనికి నా దగ్గర తప్ప అందరి దగ్గరా జవాబుంది. బ్రాహ్మీముహూర్తంలో లేవమన్నారొకరు. లేచాను. నా చప్పుడుకు చిన్నవాడు లేచాడు, ఆ రోజు బడి తెల్లవారుజామునే మొదలైంది. నానబెట్టిన బాదంపప్పులు తినమన్నారు ఇంకొకరు. నానబెట్టాను. రాత్రి బరువెంత, పొద్దున్న బరువెంత అని పెద్దది వంటింటి త్రాసు పట్టుకొచ్చింది. ప్రయోగం పూర్తయ్యేసరికి నా వంతుకు తొక్కలు మిగిలాయి. పోనీ ధ్యానం చేయమన్నారు. కళ్లు మూసుకుని కూర్చుంటే "అమ్మా, పడుకున్నావా?" అని వస్తాడు వాడు. లేదంటే ధ్యానం చెడుతుంది. పలక్కపోతే వేలితో రెప్ప ఎత్తి చూస్తాడు.

చాలాకాలం పాఠాలు చెప్పీ చెప్పీ అలిసిపోతున్నాననే అనుకున్నాను. మా అమ్మను తలుచుకున్నాక సంగతి అర్థమైంది. మా అమ్మ జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు టీచరుగా చేసి రిటైరైంది. ఒక్కో సెక్షన్‌లో యాభై అరవైమందికి చెప్పి, సాయంత్రం ఇంటికొచ్చి వంట చేసి, రాత్రి పరీక్ష పేపర్లు దిద్దుకునేది. నాకంటే మనిషి హుషారుగా ఉండేది. నాకున్నది ఇద్దరు. మరి ఎందుకిలా?

మా అమ్మకు స్టాఫ్ రూమ్ ఉండేది. నాకు లేదు. అంతే తేడా.

ఆ గదికి చిన్నప్పుడు నేనూ వెళ్లేదాన్ని. పొడుగాటి బల్ల, కుండలో నీళ్లు, గోడకు టైంటేబులు. గంట కొట్టగానే టీచర్లు ఒక్కొక్కరే వచ్చి సుద్దపొడి దులుపుకుని కుర్చీలో కూలబడేవాళ్లు. ఒకావిడ క్యారేజీలో ఆవకాయ బల్ల చుట్టూ తిరిగేది. నెల మొదట్లో చీటీపాట. వాయిదాల మీద చీరలమ్మే ఆయన మూట విప్పితే తొమ్మిదో తరగతి బీ సెక్షను కాసేపు దేవుడి పాలబడేది. హెడ్‌మాస్టరు మీద చెప్పుకునే చాడీలకైతే అంతుండేది కాదు. ఆ గదిలో పాఠం తప్ప అన్నీ జరిగేవి. అందుకే మళ్లీ గంట కొట్టేసరికి పాఠం చెప్పే ఓపిక వచ్చేది. మా అమ్మ కొందరు పాత విద్యార్థుల పేర్లయినా మరిచిపోయింది గాని ఎవరి క్యారేజీలో ఏ కూరుండేదో ఇప్పటికీ చెబుతుంది.

కనక మా బడికీ ఒక స్టాఫ్ రూమ్ మంజూరు చేశాను. హెడ్‌మిస్ట్రెస్ మొదట ఒప్పుకోలేదు, నచ్చజెప్పాను. వెనక బాల్కనీలో వాషింగ్ మెషీనుకీ తులసి కుండీకీ మధ్య ఒక ప్లాస్టిక్ కుర్చీ పడుతుంది. తలుపుకి అట్టముక్క కట్టాను, "స్టాఫ్ రూమ్. విద్యార్థులకు ప్రవేశం లేదు." మధ్యాహ్నం రెండింటికి గంట. పూజగదిలో గంటే. మళ్లీ మూడింటికి గంట. ఈ మధ్యలో రక్తం వస్తే తప్ప తలుపు కొట్టకూడదని రూలు పెట్టాను.

మొదట్లో తలుపు కిందనుంచి చీటీలొచ్చేవి. "అమ్మా, అక్క నా స్కేలు ఇవ్వట్లేదు." దాని కిందే అక్క చేతిరాతలో, "అబద్ధం. అది నా స్కేలు." మరో చీటీలో ఒకే ఒక్క వాక్యం, "గుర్రాలు నిలబడి నిద్రపోతాయి, నీకు తెలుసా?" తరవాత వాడు చట్టంలో లొసుగు కనిపెట్టాడు. ఒక రోజు తలుపు కొట్టి, మోకాలి మీద ఎప్పటిదో ఎండిన దెబ్బను రెండు వేళ్లతో నొక్కిపట్టుకుని నిలబడ్డాడు. "వస్తోందమ్మా, కొంచెం ఆగు" అన్నాడు. వీడు పెద్దయ్యాక వకీలవుతాడని ఆ రోజే నాకు నమ్మకం కుదిరింది.

స్టాఫ్ రూమ్ నిలబడాలంటే బదులు టీచరు కావాలి. మా ఇంట్లో ఆ పోస్టు ఎప్పట్నుంచో ఖాళీగా కూర్చుని టీవీ చూస్తోంది, నాకే కనపడలేదు. మా అత్తయ్యగారిది తణుకు దగ్గర పల్లెటూరు. అయిదో తరగతితో చదువాపేశారు. "నాకేం వచ్చే అమ్మాయ్ చెప్పడానికి" అంటూనే ఒక మధ్యాహ్నం చిన్నవాణ్ని పక్కన కూర్చోబెట్టుకుని డబ్బుల లెక్క చెప్పారు. రూపాయికి పదహారణాలు. అర్ధరూపాయికి ఎనిమిది. పావలాకు నాలుగు. బేడకు రెండు. "మరి బేడా పావలా కలిపితే ఎన్నణాల్రా? రూపాయిలో ఇంకెంత మిగిలింది?" దశాంశ నాణేలు 1957లో వచ్చాయి. అయినా ఆవిడ చిన్నతనంలో బజారులో నడిచిన భాష అణాలదే. భిన్నాలు చెప్పడానికి నేను రంగు కాయితాలు కత్తిరించాను, పిజ్జా బొమ్మలు గీశాను, బోలెడు వీడియోలు చూపించాను. నాలుగో వంతూ ఎనిమిదో వంతూ కలిపితే ఎంతో వాడికి తలకెక్కలేదు. నానమ్మ దగ్గర పావలా, బేడా కలిపి ఆరణాలని చిటికెలో చెప్పి, పదహారింట ఆరు అని పలక మీద వేసేశాడు. ఇది విని నేను బాల్కనీలోంచి లేవబోయి, మళ్లీ కూర్చున్నాను. రెండున్నరే అయింది. గంట కొట్టలేదు.

శనివారాలు మా వారి డ్యూటీ. ఆయన సిలబస్ ఆయనదే. మొదటి పాఠం క్రికెట్‌లో రన్‌రేట్. రెండో పాఠం ఇంటి అప్పు, నెలవారీ కిస్తీలో వడ్డీ ఎంత పోతుంది, అసలెంత తీరుతుంది అన్నది. పెద్దది ఆ పట్టిక చూసి, "అయితే నాన్నా, ఇన్నేళ్లూ మనం ఎక్కువగా వడ్డీయే కట్టామా?" అంది. ఆయన ఆ రోజు భోజనం సరిగా చేయలేదు. మర్నాడు మాత్రం "నువ్వు రోజూ ఇలాంటి ప్రశ్నలతో ఎలా నెగ్గుకొస్తున్నావు?" అని అడిగారు. ఇంటిబడికి వచ్చిన మొదటి ఇన్‌స్పెక్షన్ రిపోర్టు అది. నేను పదిలంగా దాచుకున్నాను.

సరే, గంటసేపు కుర్చీ దొరికింది. దొరికిన గంటలో ఏం చేయాలి? మొదట్లో బట్టలు మడతపెట్టాను. వాషింగ్ మెషీను పక్కనే ఉండటంతో వచ్చిన ముప్పు అది. తరవాత మంత్లీ ప్లాను రాసుకున్నాను. అంటే స్టాఫ్ రూమ్‌లో కూర్చుని కూడా డ్యూటీయే చేశానన్నమాట. అప్పుడు గుర్తొచ్చింది, ఇందాక నేను ఆట పట్టించిన షార్లట్ మేసన్ వాళ్ల పత్రిక. 'పేరెంట్స్ రివ్యూ' అని 1890లో మొదలైంది. అందులో తల్లుల చదువు గురించి ఒక వ్యాసం వచ్చింది. తల్లి దగ్గర ఎప్పుడూ మూడు పుస్తకాలు నడుస్తుండాలట, కొరుకుడుపడనిదొకటి, ఓ మాదిరిదొకటి, నవల ఒకటి. ఓపికను బట్టి ఏదో ఒకటి తీయాలట. పిల్లలు ఎదుగుతుంటే తల్లి మాత్రం ఉన్నచోటే ఉండిపోకూడదని దాని సారాంశం. పెళ్లి కాని ఆవిడ పత్రికలో ఈ ముక్క ఉండటం చూసి ఆవిడ మీద నా అభిప్రాయం మార్చుకున్నాను.

నవలకు కొదవ లేదు. ఓ మాదిరి పుస్తకం చిక్కడపల్లి లైబ్రరీలో దొరికింది. కొరుకుడుపడనిది మాత్రం కింది అంతస్తులో దొరికింది. అక్కడ ఒక రిటైర్డ్ ఉర్దూ టీచరమ్మ ఉంటారు. హైదరాబాదులో ఇన్నేళ్లుగా ఉండి బోర్డుల మీద మూడో లిపి చదవలేకపోవడం నన్ను ఎప్పట్నుంచో తొలుస్తోంది. అడిగాను. "హౌ బేటా, ఆవో" అన్నారు. ఫీజు గోంగూర పచ్చడి రూపంలో చెల్లించాలి.

కాయిదా అనే ఉర్దూ అక్షరాల పుస్తకం తెరిచిన రోజు నుంచీ నేను ఒకటో తరగతి. గీత ఒకటే. కింద ఒక చుక్క పెడితే బే, మూడు పెడితే పే. పైన రెండు పెడితే తే, మూడు పెడితే సే. కళ్లజోడు తుడుచుకున్నకొద్దీ చుక్కలు మారుతున్నాయి. పైగా ఒకే అక్షరం మాట మొదట్లో ఒక వేషం, మధ్యలో ఒక వేషం, చివర్న ఒక వేషం. రాత కుడి నుంచి ఎడమకి, అంకెలు మాత్రం ఎడమ నుంచి కుడికి. "ఐసా నక్కో, ఫిర్ సే లిఖో" అని టీచరమ్మ మళ్లీ మళ్లీ రాయిస్తారు. అలిఫ్, దాల్, రే, వావ్ వంటివి తమ ముందున్న అక్షరంతో కలుస్తాయి గాని తమ తరవాత వచ్చేదానితో కలవవని ఒక రోజు చెప్పారు. "ఇవి కూడా ఇంటిబడిలో చదువుకున్నట్టున్నాయి" అన్నాను. నవ్వులాటకి అన్నాను గాని ఆలోచిస్తే నిజమే. మా పిల్లలు తాతయ్యలతో, మామ్మలతో, కూరగాయల బండి ఆయనతో ఇట్టే కలిసిపోతారు. తమ ఈడు పిల్లల గుంపులో మొదటి పది నిమిషాలు బిగుసుకుంటారు. ఆ లోటును ఇంకొకరి మీదికి నెట్టను. సాయంత్రాలు గ్రౌండుకి పంపి నింపుకుంటున్నాం.

నా హోంవర్కు మీద పిల్లల నిఘా మొదలైంది. రాయకపోతే "ఎందుకు రాయలేదమ్మా?" అంటారు. కరెంటు పోయిందన్నాను ఒకసారి. "ఇన్వర్టరుంది కదా" అంది పెద్దది. చుక్కలు తప్పు పెడితే చిన్నవాడు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, కింద "శ్రద్ధ అవసరం" అని రాశాడు. అది వాడి పుస్తకంలో నేను రాసిన మాటే. ఎదుటివాడి పుస్తకంలో రాసేటప్పుడు ఎంత న్యాయంగా కనపడిందో!

మొన్న పిల్లల్ని అఫ్జల్‌గంజ్‌లో సెంట్రల్ లైబ్రరీకి తీసుకెళ్లాను, 1891లో ఆసఫియా లైబ్రరీగా మొదలైన సంస్థ అది. బయటికొస్తూ ఒక దుకాణం బోర్డు దగ్గర ఆగి, కూడబలుక్కుని చదవడం మొదలుపెట్టాను. నేను ఆ ఒక్క మాట ముగించేలోపు వాళ్లిద్దరూ పక్క హోటల్లో ఉస్మానియా బిస్కెట్ల పొట్లం ఖాళీ చేశారు. అది ఏదో వాచీల దుకాణం. వాచీ కొనే అవసరం నాకు లేదు. కానీ ఆ రోజు సాయంత్రం వంట చేస్తుంటే అలుపు రాలేదు. రాత్రి ఎనిమిదింటికి "అమ్మా, నక్షత్రాలు పగలు ఎక్కడికి పోతాయి?" అని అడిగితే, "రేపడుగు" అనకుండా మేడమీదికి వెళ్లాను.

ఓపిక అనేది బాదంపప్పులోనూ లేదు, బ్రాహ్మీముహూర్తంలోనూ లేదు. అది రెండు చోట్ల ఉందని నా తీర్పు. ఒకటి, తలుపున్న గది. రెండు, పరీక్ష లేని, ఎవరికీ జవాబు చెప్పక్కర్లేని, మనకు మాత్రమే అక్కరకొచ్చే చదువు. అందరికీ ఉర్దూయే అక్కర్లేదు. వీణో, ఈతో, కుట్టుమిషనో, ఎన్నాళ్లుగానో మూలన పడున్న డ్రాయింగు పుస్తకమో ఏదైనా సరే. పిల్లలకు నేర్చుకోవడమెలాగో నేర్పాలంటారు పెద్దలు. తల్లి ఏదో ఒకటి నేర్చుకుంటూ, తప్పులు చేస్తూ, తిట్లు తింటూ కనపడితే ఆ పాఠానికి వేరే టైంటేబులు అక్కర్లేదు.

చివరగా, ఇరుగు పొరుగు వారికీ బంధువులకూ ఒక మనవి. మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి బడి నడుస్తుంటే పిల్లల్ని పదమూడో ఎక్కం అడక్కండి. నలుగురితో ఎలా కలుస్తారని ఆ తల్లినీ అడక్కండి. "పిల్లల్ని రెండు గంటలు మా ఇంటికి పంపమ్మా" అనండి. మీ రెండు ప్రశ్నలకూ జవాబు దొరుకుతుంది, ఆవిడకు స్టాఫ్ రూమ్ దొరుకుతుంది. మధ్యాహ్నం పూట అయితే మరీ మంచిది.